ఉప్పుగాలి, వడగాడ్పు, తుపాను: వీటికి తట్టుకునేలా ఇంటి మీద సోలార్ పెట్టుకోవడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎండకు కరువు లేదు. సోలార్ అమ్మడానికి వచ్చే ప్రతివాళ్లూ ముందు ఆ ఎండ గురించే మాట్లాడతారు. కావలిలో మా మిద్దె మీద 3 కిలోవాట్లు పెట్టించినప్పుడు నాకూ అదే చెప్పారు. ఆ ఎండకూ మన మీటరుకూ మధ్య ఉప్పుగాలి, దుమ్ము, నీడ, వేడి, లైన్ ఓల్టేజీ ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కటి ఒక్కో సీజన్‌లో వచ్చి నేర్పింది. అవి మీకు డబ్బు ఖర్చు పెట్టకముందే తెలియాలని ఇది రాస్తున్నాను. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న వరుసలోనే చెప్తాను. ఆ వరుస తప్పితే తర్వాత సరిదిద్దుకోవడం కష్టం.

ముందు పన్నెండు నెలల బిల్లులు తీయండి

మే నెల బిల్లు ఒక్కటి చూసి భయపడి ఎన్ని కిలోవాట్లో నిర్ణయించకండి. ఏసీ నడిచే రెండు నెలల లెక్క వేరు, మిగిలిన పది నెలల లెక్క వేరు. పన్నెండు నెలల యూనిట్లు కూడి పన్నెండుతో భాగిస్తే మీ సగటు తెలుస్తుంది.

మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. అంటే నెలకు 120. దానికి మిద్దె మీద సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. ఇంతవరకు అందరూ చెప్తారు. నేను ఇంకొక లెక్క చెప్తాను. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీ ఇంట్లో నెలకు 300 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. యూనిట్ల చార్జీ మాత్రమే చూస్తే సుమారు 1,673 రూపాయలు. ఒక కిలోవాట్ పెడితే 120 యూనిట్లు తగ్గి అది 747కి దిగుతుంది. అంటే మొదటి కిలోవాట్ నెలకు 926 రూపాయలు మిగులుస్తుంది. రెండో కిలోవాట్ ఇంకో 600 మిగులుస్తుంది. మూడోది పెడితే మిగిలేది 147 మాత్రమే. ఎందుకంటే మొదటి కిలోవాట్ పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లను తీసేస్తుంది, చివరిది రెండు మూడు రూపాయల యూనిట్లను తీసేస్తుంది. వాడకానికి మించి లైనుకు పంపిన యూనిట్లకు వచ్చే ధర కూడా మీరు కొనే ధర కంటే బాగా తక్కువ.

సబ్సిడీ కూడా ఇలాగే ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకూ అంతకు మించినవాటికీ 78,000 రూపాయలు ఇస్తారు. మూడో కిలోవాట్‌కు అదనంగా వచ్చేది 18,000 మాత్రమే. 300 యూనిట్ల ఇంటికి 2 కిలోవాట్లు సరిపోతాయని నా అభిప్రాయం. ఇంకో ఏసీ కొనబోతున్నా, ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకోబోతున్నా అప్పుడు మూడు పెట్టుకోండి. "అందరూ మూడే పెట్టిస్తున్నారు సార్" అన్న మాట విని మాత్రం నిర్ణయించకండి.

నీడ ఎక్కడ పడుతుందో డిసెంబరుకు చూడండి

మా ఇంటికి సర్వేకి వచ్చినవాళ్లు జూన్‌లో వచ్చారు. మిద్దె మీద ఎక్కడా నీడ లేదని చూసి, మెట్ల గది మీదున్న నీళ్ల ట్యాంకుకు ఉత్తరాన ప్యానెళ్లు పెట్టారు. డిసెంబరు వచ్చేసరికి ఉదయం పదిన్నర దాకా ఆ ట్యాంకు నీడ రెండు ప్యానెళ్ల మీద పడుతూ ఉంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు, జూన్‌లో నిజంగానే నీడ లేదు.

నెల్లూరు 14.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఒంగోలు 15.5 మీద. అందువల్ల మే మొదట్లో సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కడి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో నీడలు పొట్టిగా, దక్షిణం వైపు పడతాయి. డిసెంబరులో సూర్యుడు బాగా దక్షిణానికి దిగుతాడు. అప్పుడు మీటరు ఎత్తున్న పిట్టగోడ మిట్టమధ్యాహ్నం కూడా 80 సెంటీమీటర్ల నీడ వేస్తుంది. ఉదయం తొమ్మిదికి అది ఒకటిన్నర మీటరు దాటుతుంది.

కాబట్టి ట్యాంకు, మెట్ల గది, పక్కింటి మేడ, కొబ్బరిచెట్టు, వేపచెట్టు ఏదైనా సరే, ప్యానెళ్లకు దక్షిణాన, తూర్పున, పడమరన ఉంటే ప్యానెల్ అంచు కంటే అది ఎంత ఎత్తుందో చూసి, దానికి రెట్టింపు దూరం వదలండి. ఇప్పుడు మొక్కగా ఉన్న కొబ్బరిచెట్టు పదేళ్లకు ఎంతవుతుందో కూడా ఆలోచించండి. ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది.

ఇంత చిన్న నీడకు ఇంత పట్టింపు ఎందుకంటారా? ప్యానెళ్లు ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. పంటకాలువలో ఒకచోట గుర్రపుడెక్క అడ్డుపడితే కింది మడులన్నిటికీ నీళ్లు తగ్గినట్టు, ఒక్క ప్యానెల్ మీద నీడ పడితే వరుస అంతటి మీదా దెబ్బ పడుతుంది. ప్యానెల్ వెనక డబ్బాలో ఉండే బైపాస్ డయోడ్లు నీడ పడిన భాగాన్ని పక్కకు తప్పించి కొంత కాపాడతాయి కానీ పోయింది పోయినట్టే. రోజూ అదే చోట నీడ పడితే ప్యానెల్‌లో కరెంటు పుట్టించే ఆ గడులు (సెల్స్) వేడెక్కి పాడవుతాయి కూడా.

వాలు దక్షిణానికి 10 నుంచి 15 డిగ్రీలు చాలు. అంతకంటే నిటారుగా పెడితే ఎండాకాలం నష్టపోతారు, గాలికి ఎక్కువ ఎదురవుతారు. ఐదు డిగ్రీల లోపు పడుకోబెడితే కింది అంచున నీళ్లు నిలిచి బురద గీత కడుతుంది. దక్షిణం వైపు చోటు లేకపోతే తూర్పు పడమరలకు తక్కువ వాలుతో పెట్టినా మన అక్షాంశంలో పెద్దగా తేడా రాదు.

స్ట్రక్చర్ దగ్గర బేరం ఆడొద్దు

ప్యానెళ్ల కంపెనీ గురించి నాలుగు రోజులు వెతికి, వాటిని మోసే ఇనుము గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మా ఇంటి నుంచి తుమ్మలపెంట సముద్రం పది కిలోమీటర్ల లోపే. నాకు పెట్టినవి మామూలు ఇనప యాంగిల్స్, పైన వెండి రంగు పెయింట్. రెండు వానాకాలాలు గడిచేసరికి వెల్డింగ్ జాయింట్ల దగ్గర పెచ్చులు లేచాయి. ఒక బోల్టును రెంచితో పట్టుకుంటే తల ఊడి చేతికొచ్చింది. పెట్టినవాళ్లకు ఫోన్ చేస్తే పెయింట్ వేయించుకోమన్నారు. 2023 ఎండాకాలంలో మొత్తం దింపించి కొత్త స్ట్రక్చర్ వేయించాను. అదే ఏడాది డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులూ నిద్ర లేదు కానీ ప్యానెళ్లు కదల్లేదు. పాత ఇనుమే ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

గాలి బలం ఎంతో చూడండి. భవనాల మీద గాలి ఒత్తిడికి వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875లో నెల్లూరుకు ఇచ్చిన గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల తోపుడు ఉంటుంది. ఈరోజు వచ్చే 540 వాట్ల ప్యానెల్ విస్తీర్ణం రెండున్నర చదరపు మీటర్లు. ఆరు ప్యానెళ్లు కలిస్తే రెండు టన్నులు దాటే బలం వాటి మీద పడొచ్చు. ఆ ఆరింటి బరువు 170 కిలోలు మాత్రమే. కింద ఇటుకలు పేర్చి బరువు పెట్టామంటే కుదరదన్నది అందుకే.

కొటేషన్‌లో ఇవి రాతపూర్వకంగా ఉండాలి: హాట్ డిప్ గాల్వనైజ్డ్ స్టీల్ (కరిగిన జింకులో ముంచి పూత వేసినది), పూత కనీసం 80 మైక్రాన్లు, బోల్టులూ నట్లూ వాషర్లూ అన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్. తీరానికి ఐదారు కిలోమీటర్ల లోపు ఉన్న కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు లాంటి ఊళ్లలో 304 రకం కాకుండా 316 రకం బోల్టులు అడగండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, కానీ ఉప్పుకు అది బాగా తట్టుకుంటుంది. మిద్దె మీదికి తెచ్చాక యాంగిల్స్ కోయడం, వెల్డింగ్ చేయడం ఒప్పుకోకండి. కోసిన చోట జింకు పూత పోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ముందే కొలిచి, కోసి, రంధ్రాలు చేశాక పూత వేయించి తేవాలి. తప్పనిసరిగా ఒకచోట కోయాల్సి వస్తే ఆ రోజే కోల్డ్ గాల్వనైజింగ్ పెయింట్ రెండు పూతలు వేయించండి. కోసిన చోట మామూలు వెండి రంగు పూసి ఇదే ఆ పెయింట్ అంటే నమ్మకండి.

కాళ్లను శ్లాబులోకి దింపడం గురించి చాలామందికి భయం. వాన నీళ్లు కారతాయేమోనని ఒప్పుకోరు. కెమికల్ యాంకర్‌తో (రంధ్రంలో జిగురు మందు నింపి బోల్టు నిలబెట్టే పద్ధతి) దింపి, చుట్టూ కాంక్రీట్ దిమ్మె కట్టి, దిమ్మె పైభాగం వాలుగా చేయిస్తే నీళ్లు నిలవవు. దిమ్మెలను శ్లాబుతో కలపకుండా ఊరికే పైన పెడితే తీరం వైపు ఇళ్లకు అది చాలదు.

ఇంకొక మాట. ప్యానెళ్ల కింద నీడలో కూర్చోవచ్చని ఎనిమిది అడుగుల ఎత్తున పందిరిలా వేయించుకుంటున్నారు. వేసవి సాయంత్రాలు బాగుంటుంది, నిజమే. కానీ ఆ ఎత్తుకు గాలి కింద నుంచి దూరి పైకి ఎత్తుతుంది. పొదిలి, కనిగిరి వైపు లోపలి ఊళ్లలో అయితే క్రాస్ బ్రేసింగ్‌తో, అంటే కాళ్ల మధ్య ఏటవాలు కమ్మీలతో, ఆలోచించండి. తీరం దగ్గరైతే వద్దనే చెప్తాను.

ప్యానెల్, వేడి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో సోలార్ దండిగా వస్తుందని అనుకుంటాం. నేను రోజూ యూనిట్లు రాసుకునే పుస్తకంలో అలా లేదు. ప్రతి ఏటా నాకు మార్చి బాగుంటుంది, మే అంతకంటే తక్కువ. ప్యానెల్ మీద రాసే వాట్లు గడి వేడి 25 డిగ్రీలున్నప్పటి లెక్క. గాలి 43 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం మిద్దె మీద ప్యానెల్ గడి 65 డిగ్రీలు దాటుతుంది. ప్రతి డిగ్రీకి వందకు 0.35 వంతున తగ్గితే, 40 డిగ్రీల తేడాకు 14 శాతం పోతుంది. ప్యానెల్‌కు వెలుతురు కావాలి, వేడి దానికి శత్రువు.

అందుకని రెండు పనులు చేయండి. ప్యానెల్ వెనక గాలి ఆడేలా శ్లాబు నుంచి కింది అంచుకు కనీసం అడుగున్నర ఖాళీ ఉంచండి. డేటా షీట్‌లో ఉష్ణోగ్రత గుణకం, అంటే డిగ్రీకి ఎంత శాతం తగ్గుతుందో, అడిగి చూడండి. మోనో పెర్క్ రకానికి 0.35 దగ్గర ఉంటుంది, టాప్‌కాన్ రకానికి 0.30 దగ్గర. ధరలో తేడా కొద్దిగానే ఉంటే రెండోదే తీసుకోండి. తీరం దగ్గరవాళ్లు ఉప్పుగాలి పరీక్ష ఐఈసీ 61701 పాసైందా అని కూడా అడగండి. సూర్యఘర్ సబ్సిడీ కావాలంటే గడులూ ప్యానెలూ రెండూ మన దేశంలో తయారైనవి కావాలి. వాటినే డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. దించిన రోజే ప్రతి ప్యానెల్ సీరియల్ నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి.

ఇన్వర్టర్: కరెంటు పోతే ఏమవుతుందో ముందే తెలుసుకోండి

సోలార్ పెట్టించాక చాలామంది బాధపడేది ఇక్కడే. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి లైనుతో కలిపే, బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోతే ఎర్రటి ఎండలో కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. లైన్ ఆపి స్తంభం ఎక్కిన మనిషికి మీ ఇంటి నుంచి షాక్ కొట్టకూడదని అలా తయారుచేస్తారు. తుపాను వచ్చి మూడు రోజులు కరెంటు లేకపోతే మీ ప్యానెళ్లూ మూడు రోజులు ఖాళీగానే ఉంటాయి.

కోతలు గంటా అరగంటా ఉండే టౌన్లలో ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్, బ్యాటరీ అలాగే ఉంచుకుంటే సరిపోతుంది. సోలార్‌కూ దానికీ గొడవ లేదు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న పెద్దవాళ్లు ఉన్నా, తరచూ గంటల తరబడి కరెంటు పోయే ఊరైనా బ్యాటరీతో కూడా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ ఆలోచించండి. దాని ఖర్చు వేరుగా లెక్కేసుకోవాలి. బిల్లు మిగులుతో ఆ డబ్బు తిరిగిరాదు, దాన్ని అవసరంగానే చూడాలి.

ఇన్వర్టర్‌ను పడమటి గోడకు తగిలించకండి. మెట్ల గదిలో, గాలి ఆడేచోట, చుట్టూ అడుగు ఖాళీతో పెట్టించండి. వేడెక్కితే అది తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది.

వైర్లు, ఎర్త్

ఎర్త్ గుంతలు మూడు ఉండాలి: ప్యానెళ్ల వైపుకు ఒకటి, ఏసీ వైపుకు (ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా ఉండే ఇంటి కరెంటు వైపుకు) ఒకటి, పిడుగు రాడ్డుకు వేరే ఒకటి. మూడూ కలిపి ఒకే గుంతలో దింపేస్తామంటే ఒప్పుకోకండి. రాగి వైరును ప్యానెల్ అల్యూమినియం ఫ్రేముకు నేరుగా బిగిస్తే ఉప్పు తేమకు అక్కడ తెల్లటి బూజులా వచ్చి అల్యూమినియం తినేస్తుంది. తగరం పూత ఉన్న లగ్గులు (వైరు చివర బిగించే బిళ్లలు) వాడమనండి. ప్యానెళ్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి కావాలి. రెండు రకాలు కలిపితే పట్టు సరిగా కుదరక వేడెక్కి కాలుతాయి. వైరు శ్లాబు మీద పడి ఉండకూడదు. వేసవిలో శ్లాబు కాల్చేస్తుంది, వానల్లో నీళ్లలో నానుతుంది. కట్టడానికి మామూలు ప్లాస్టిక్ టైలు వాడితే రెండు వేసవులకు విరిగి రాలిపోతాయి. స్టీలు టైలు కావాలి.

మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగిపోతుంటే

దీని గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఈ నష్టం జరుగుతున్నట్టే తెలియదు. బిల్లు తగ్గింది కదా అని ఊరుకుంటారు. ఎండ మంచిగా ఉన్న పన్నెండు, రెండు మధ్యనే ఇన్వర్టర్ ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతూ ఉంటుంది. స్క్రీన్ మీద గ్రిడ్ ఓవర్ ఓల్టేజ్ అని వస్తుంది.

కరెంటు లైనులోకి వెళ్లాలంటే ఇన్వర్టర్ దగ్గర ఓల్టేజీ లైను కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. మన ఊళ్లలో సాయంత్రం లైను చివరి ఇళ్లకు ఓల్టేజీ పడిపోతుందని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పైకి పెట్టి ఉంచుతారు. మధ్యాహ్నం వాడకం తక్కువగా ఉన్నప్పుడు లైను ముందే 245 ఓల్టుల దగ్గర ఉంటుంది. మీరు, మీ వీధిలో ఇంకో ఇద్దరు కలిసి కరెంటు తోస్తే అది ఇంకా పెరిగి ఇన్వర్టర్ హద్దు దాటుతుంది.

ముందు మీ ఇంటి వైపు చూడండి. స్తంభం నుంచి మీటరు దాకా 30 మీటర్ల దూరంలో 4 చదరపు మిల్లీమీటర్ల పాత అల్యూమినియం వైరు ఉంటే, 3 కిలోవాట్లు పంపేటప్పుడు ఆ వైరులోనే సుమారు 6 ఓల్టులు పెరుగుతాయి. దాన్ని 10 చదరపు మిల్లీమీటర్లకు మారిస్తే రెండున్నరకు దిగుతుంది. మా వీధిలో రెండిళ్లకు ఈ మార్పుతోనే సమస్య పోయింది. స్తంభం మీది జాయింటు తుప్పు పట్టినా ఇదే తంటా, దాన్ని లైన్‌మన్‌తో శుభ్రం చేయించండి.

అప్పటికీ ఆగకపోతే వరుసగా వారం రోజులు మధ్యాహ్నం ఇన్వర్టర్ స్క్రీన్ ఫోటోలు తీయండి, టైము కనపడాలి. అవి పెట్టి కరెంటు సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఓల్టేజీని తగ్గించేలా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చడం, ఫేజుల మధ్య ఇళ్లను సర్దడం వాళ్ల పని. పగటిపూట చేయగల పనులు, అంటే మోటారు, వాషింగ్ మెషిన్, గ్రైండర్, ఆ రెండు గంటల్లో పెట్టుకుంటే మీరు లైనులోకి తోసేది తగ్గుతుంది. ఇన్వర్టర్‌లో హద్దును పెంచేస్తానని ఎవరైనా అంటే చేయనివ్వకండి. ఆ హద్దు పక్కిళ్ల ఫ్రిజ్‌లనూ టీవీలనూ కాపాడేది.

దరఖాస్తు

కరెంటు కంపెనీ నెల్లూరువాళ్లకు ఎస్పీడీసీఎల్, ప్రకాశంవాళ్లకు సీపీడీసీఎల్. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో సర్వీస్ నంబర్‌తో నమోదు చేసుకుని, అక్కడి జాబితాలోని వెండర్‌ను (సోలార్ పెట్టే కంపెనీని) ఎంచుకోవాలి. పని అయ్యాక తనిఖీ, ఆ తర్వాత నెట్ మీటర్ (లైను నుంచి తీసుకున్నదీ లైనుకు పంపిందీ రెండూ లెక్కించే మీటరు), ఆ తర్వాతే సబ్సిడీ మీ ఖాతాలో పడుతుంది. కాబట్టి ముందు మొత్తం డబ్బో, బ్యాంకు రుణమో సిద్ధంగా ఉండాలి.

ఎక్కువమంది ఆగిపోయేది ఒక చిన్న విషయం దగ్గర. మీటరు ఇంకా తాతగారి పేరు మీదో, ఇల్లు అమ్మిన పాత యజమాని పేరు మీదో ఉంటుంది. దరఖాస్తు సర్వీస్ ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరునే వెళ్తుంది. కొటేషన్లు అడగడానికి ముందే పేరు మార్పించుకోండి. బిల్లులో, ఆధార్‌లో, బ్యాంకు పాసుపుస్తకంలో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా సరిచేయించుకోవడం మంచిది. వెండర్ ఐదేళ్లు ఉచితంగా నిర్వహణ చూడాలన్నది పథకం నియమం. ఒప్పందం కాగితంలో ఆ మాట ఉందో లేదో చదివి సంతకం పెట్టండి.

నెట్ మీటర్ వచ్చాక చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ఇన్వర్టర్ 360 యూనిట్లు చూపిస్తే మీటరులో పంపింది 220 అనే ఉంటుంది. మోసమేమీ లేదు. పగలు ఇంట్లో నేరుగా వాడుకున్న 140 యూనిట్లు మీటరు దాకా పోవు.

కడగడం: మన నీళ్లతో జాగ్రత్త

వానాకాలం అందరికీ జూన్‌లో వస్తే మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంటే జనవరి నుంచి జూన్ దాకా ప్యానెళ్లను గట్టిగా కడిగే వాన అరుదు. పైగా చలికాలం తెల్లవారుజామున పడే మంచు దుమ్మును ముద్ద చేసి అద్దానికి అతికిస్తుంది. చీమకుర్తి చుట్టూ గ్రానైట్ పొడి, కృష్ణపట్నం వైపు బొగ్గు, బూడిద, తీరం వెంట ఉప్పు పొర, అన్నిచోట్లా పావురాల రెట్టలు. దుమ్ము ఊళ్లలో వారానికొకసారి, మిగతాచోట్ల పదిహేను రోజులకొకసారి కడగాలి. రెట్ట కనిపిస్తే ఆ రోజే తుడవాలి. దుమ్ము అంతటా పలచగా ఉంటుంది కానీ రెట్ట ఒక్క గడిని పూర్తిగా మూసేస్తుంది.

మా అక్క వాళ్లది కనిగిరి దగ్గర. వాళ్లు శ్రద్ధగా వారం వారం బోరు నీళ్లతో పైపు పెట్టి కడిగి వదిలేసేవాళ్లు. ఏడాదికి ప్యానెళ్ల మీద తెల్లటి పొర కట్టి, గోకినా రాలేదు. అటు నీళ్లు ఎంత కఠినమో మనందరికీ తెలుసు, బిందె అడుగున కట్టే గారే అద్దం మీదా కడుతుంది. కడగడం తప్పు కాదు, నీళ్లు ఆరనివ్వడమే తప్పు. కాబట్టి రబ్బరు వైపర్‌తో వెంటనే నీళ్లు లాగేయండి. చివరి తడుపుకు వాన నీళ్లో, క్యాను నీళ్లో వాడితే ఇంకా మంచిది. ఆరు ప్యానెళ్లకు ఒక 20 లీటర్ల క్యాను చాలు. పొర ఇప్పటికే కట్టి ఉంటే వెనిగర్‌ను నీళ్లలో కలిపి మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే మంచి నీళ్లతో కడగండి. యాసిడ్, సబ్బుపొడి, స్టీలు పీచు ముట్టించకండి.

టైము తెల్లవారుజామునే. ఎండ ఎక్కాక కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే అది పగలొచ్చు. ప్యానెల్ మీదికి ఎక్కవద్దు, మోకాలు కూడా ఆనించవద్దు. అద్దం నిలిచినా లోపల గడులు చిట్లుతాయి, కంటికి కనపడవు. పొడవాటి కర్రకు కట్టిన మెత్తటి బ్రష్ కొనుక్కోండి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

అక్టోబరు మొదటి వారంలో ఒకసారి ప్రతి బోల్టునూ రెంచితో పట్టుకుని చూడండి, క్లాంపులు బిగించండి. హెచ్చరిక వచ్చిన రోజు మిద్దె మీద ఉన్న పాత రేకులు, కుండీలు, ప్లాస్టిక్ కుర్చీలు దింపేయండి. మిచౌంగ్‌లో మా వెనక వీధిలో ప్యానెల్ పగిలింది గాలికి కాదు, పక్కింటి రేకు ఎగిరొచ్చి తగలడం వల్ల. గాలి మొదలవకముందే ముందు ఏసీ బ్రేకర్ (ఇన్వర్టర్‌కు ఇంటి వైపున ఉండేది), తర్వాత డీసీ స్విచ్ (ప్యానెళ్ల వైపున ఉండేది) ఆపేయండి. గుర్తుంచుకోండి, స్విచ్ ఆపినా పగటి వెలుతురు ఉన్నంతసేపూ ప్యానెళ్ల నుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. తుపాను తర్వాత తెగిన వైరుగానీ పగిలిన ప్యానెల్‌గానీ కనపడితే చేత్తో తాకకుండా టెక్నీషియన్‌ను పిలవండి. ఇన్వర్టర్ నీళ్లలో మునిగితే ఆరబెట్టి ఆన్ చేసే ప్రయత్నం వద్దు.

రొయ్యల చెరువులున్నవాళ్లకు

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రైతులు ఏరేటర్లకు సోలార్ పెట్టవచ్చా అని అడుగుతున్నారు. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది రాత్రి, ముఖ్యంగా తెల్లవారే ముందు. పగలు ఆ ఎండకే నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. అంటే సోలార్ కరెంటు వచ్చే వేళకు మీ అవసరం తక్కువ, అవసరం ఎక్కువైన వేళకు సోలార్ లేదు. 2 హెచ్‌పీ ఏరేటర్ ఒకటి రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 12 యూనిట్లు కావాలి. పది ఏరేటర్లకు 120 యూనిట్ల బ్యాటరీ పెట్టడం చిన్న రైతు వల్ల కాదు. రాయితీ ధరకు కరెంటు వస్తున్నవాళ్లకు అసలే గిట్టదు. చెరువు గట్టు మీద గదికి, లైట్లకు, కెమెరాకు చిన్నది పెట్టుకోండి. జనరేటర్‌ను మాత్రం సోలార్ వచ్చిందని అమ్మేయకండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి

ఫోన్ యాప్ ఉన్నా సరే, రోజూ సాయంత్రం ఇన్వర్టర్ చూపించిన యూనిట్లు రాయండి. పక్కన ఎండ, మబ్బు, వాన అని ఒక్క మాట చాలు, కడిగిన రోజు గుర్తు పెట్టండి. 3 కిలోవాట్లకు మంచి ఎండ రోజున 12 నుంచి 15 యూనిట్లు రావాలి. వాయుగుండం పట్టిన నవంబరు రోజున మూడు వచ్చినా బాధపడక్కర్లేదు. నిన్నటితో ఇవాళ్టిని పోల్చకండి, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి. ఎండ రోజుల్లో వరుసగా వారం పాటు వందకు పది తగ్గితే ముందు కడగండి. కడిగినా రాకపోతే మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగుతోందేమో స్క్రీన్ చూడండి. అదీ కాకపోతే కొత్తగా ఏదైనా నీడ పడుతోందేమో మిద్దె ఎక్కి చూడండి. మూడూ కాదంటే అప్పుడు వెండర్‌కు ఫోన్ చేసి ఆ పుస్తకంలోని పేజీ ఫోటో పంపండి. నాకు ఒకసారి అలా పంపిన మర్నాడే మనిషి వచ్చాడు, కాలిపోయిన కనెక్టర్ ఒకటి దొరికింది.